బొట్టు పెట్టి పిలిచిన మీటింగు

మా ఆయనకు నాకన్న పేపరు మీదనే పాణం. హన్మకొండల మా ఇంటి ముందటి అర్రల ప్రెస్సు పెట్టి, వారానికొక్కసారి పేపరు తీసేటోడు. తాగుడు మానాలె, ఆడపిల్లల్ని సదివియ్యాలె, మొగడు పోయినామెకు మళ్ల పెండ్లి చెయ్యాలె, ఇవే రాతలు. నేను రెండో తరగతితోనే బడి బందు చేసినదాన్ని. కూడబలుక్కొని సదువుదును. ఎక్కడ సదివినా ఎవరో ఒకామె పేరు, పక్కన 'గారు'. నన్నేమో 'ఏమే' అని పిలుసుడే. ఒక్కసారన్న నా పేరు అచ్చుల చూసుకోవాలని మస్తుగుండేది.

ప్రెస్సుల అచ్చరాలు పేర్చనీకె ఒక చిన్నామెను పనికి పెట్టుకున్నడు. నర్సంపేట దిక్కుది, మొగడు పోయిండు. ఆమెకు చాయ్ నేనే ఇయ్యాలె. ఇచ్చేదాన్ని, శక్కెర జర తక్కువేసి.

మా ఆయన మున్సిపాలిటీ ఓట్లకు ఒకసారి నిలవడి ఓడిండు. రెండోసారి నిలవడ్డప్పుడు, ఆడోళ్ల మీటింగున్నదని పేపర్ల పెద్దగ వేసిండు. షామియానా ఏసిండ్రు, మైకు పెట్టిండ్రు. ఒక్క ఆడామె రాలే.

"పేపర్లేస్తే వస్తరా కొడుకా?" అన్నది పక్కింటి అవ్వ. "బొట్టు పెట్టి పిలువకపోతె ఏ ఆడిది గడప దాటుతది?"

మర్నాడు మళ్ల మీటింగన్నరు. నేను మంచి చీర కట్టుకొని కుంకుమ భరిణె తీసిన. ఇగ నా వంతొచ్చిందనుకున్న. ఆయన భరిణె అందుకొని ఆ చిన్నామె చేతుల పెట్టిండు.

"ఈమె బొట్టు పెడితేనే గదనే నా రాతలకు ఇలువ" అన్నడు.

కట్టుకున్న మంచి చీరతోనే పోయి అరుగు మీద కూసున్న.

ఆమె ఎదురింటికి పోతే, ఆ ఇంటామె తలుపు సగం మూసింది. నేను అరుగు మీదికెల్లి చూస్తాన. మంచిగైంది అనుకున్న. కని ఈయన మొఖం చూస్తే నెత్తురు సుక్క లేదు. దిగిపోయి ఆమె ముందట నిలవడ్డ.

"ముందుగాల నాకు పెట్టు."

ఆమె భరిణె మూత తీసింది. పెట్టింది. తలుపు సందులకెల్లి చూసిన ఎదురింటామె, "ముత్తైదువవు, నీకు కానిది నాకేమైతది వదినె" అనుకుంట బయటికొచ్చింది. ఇద్దరం కలిసి గల్లీ గల్లీ తిరిగినం.

షామియానా నిండింది. ఆయన ఆమెను స్టేజి ఎక్కించి మాట్లాడిపిచ్చిండు. అందరు చప్పట్లు.

ఎదురింటామె నన్ను మోచేత్తోని పొడిచింది. "నిన్ను పిలువలేదేంది వదినె?"

"నేను ఇంటిమనిషిని గద" అన్న. చప్పట్లు మాత్రం కొట్టలే.

గెలిచిండు. పేపర్ల ఆమె ఫొటో, పేరు ఏసి, 'సోదరి గారి తెగువ' అని రాసిండు. ఇటు తిప్పి అటు తిప్పి చూసిన.

"నేను పెట్టించుకోకుంటె ఈ మీటింగు అయితుండెనా?"

"కాకపోతుండె" అన్నడు. "కని సొంత పెండ్లాం పేరు ఏసుకుంటె జనం నవ్వరానే?"

"ఆమె పేరేస్తే నవ్వరా?"

పేపరు మడిచి చంకల పెట్టుకొని ప్రెస్సులకు పోయిండు.

కొన్నేండ్లకు ఆమెకు మళ్ల పెండ్లి ఆయనే దగ్గరుండి చేసిండు. వంటంత నాదే. ఆ పెండ్లి ముచ్చట గూడ పేపర్ల వచ్చింది. మైకు పెట్టినోని పేరున్నది, పందిరేసినోని పేరున్నది. వండిపెట్టినామె పేరు లేదు.