రెండు వేళ్ల వైద్యం

ఆటలో ఉన్నప్పుడు ఆమెను అందరూ గోడ అనేవారు. గోల్ ముందు నిలబడితే బంతి సంగతి అటుంచండి, గాలి కూడా అనుమతి అడిగి వెళ్లేది. నమ్మకపోతే మానేయండి.

పదహారో ఏట ఒక బంతి తిన్నగా కణతకు తగిలి గోడ కూలింది. ఫుట్‌బాల్ కోచ్ పరుగెత్తుకొచ్చాడు. ఆ మహానుభావుడి వైద్యమంతా కుడిచేతి రెండు వేళ్లలో ఉండేది. మూడో వేలెత్తే అవసరం ఆయనకు ఎన్నడూ రాలేదు.

"ఎన్ని?"

"రెండు."

"శభాష్! లే, ఆడు."

ఇంత సులువైన పరీక్ష తప్పితే సిగ్గుచేటు కదా! గోడే జట్టులో అందరికీ కిటుకు నేర్పింది: "ఆయన ఇద్దరుగా కనబడినా సరే, రెండనండే. బెంచీ మీద కూర్చోబెట్టడు." ఆ ఏడే ఆమె మరో మూడుసార్లు పడింది, మూడుసార్లూ ఫస్టుక్లాసులో పాసయింది.

ఎనిమిదేళ్లు గడిచాయి. ఇప్పుడామె దర్జీ. టేపు తీసి పుస్తకం అందుకునేలోపు నడుము కొలత ఎటో ఎగిరిపోతుంది. అందుకే కొలతలన్నీ సుద్దతో తన చొక్కా చేతిమీదే రాసుకుంటుంది. ట్యూబులైటు వేస్తే తల పగిలిపోతుందని కిటికీ పక్కన కూర్చుంటుంది. మిషను చప్పుడుకు చెవుల్లో దూది.

"దెబ్బ మానకముందే మళ్లీ మళ్లీ తగిలించుకున్నావు. మెదడు అవి మర్చిపోదమ్మా" అన్నాడు డాక్టరు.

"పోనీలెండి, అదైనా గుర్తుపెట్టుకుంది" అంది గోడ.

కొట్టు వెనకే మైదానం. ఆ సాయంత్రం అక్కడ కేక వినబడితే మెడలో టేపుతోనే పరుగెత్తింది. గోల్ స్తంభం పక్కన పదిహేనేళ్ల చెల్లెలు తల పట్టుకుని కూర్చుంది. అదే కోచ్ అప్పటికే వేళ్లెత్తుతున్నాడు.

"ఆగండి సార్, ఈసారి నేనడుగుతా."

"నువ్వు కుట్టిన చొక్కాలో నా పొట్టే పట్టలేదు, దీని తల చూస్తావా?"

"పరువు తీయకక్కా, నాకేం కాలేదు."

గోడ పిడికిలి బిగించి చెల్లెలి మొహం ముందు పెట్టింది.

"ఎన్నే?"

"రెండు!"

కోచ్ తన వేళ్లకేసి ఒకసారి చూసుకుని, చెయ్యి జేబులో పెట్టుకున్నాడు.

"సరిగ్గానే చెప్పాగా?"

"బ్రహ్మాండంగా చెప్పావు. నేర్పింది నేనేగా."

చెల్లెల్ని లేపి భుజం ఆసరా ఇచ్చింది. గేటు దాకా వెళ్లేలోపు మర్చిపోతుందేమోనని, జేబులోని సుద్ద తీసి చొక్కా చేతిమీద, ఎవరిదో నడుము కొలత చెరిపేసి, రాసుకుంది: చెల్లి. ఆసుపత్రి.