సాకెట్ మార్చిన బావ

ఆ రోజుల్లో గోదావరిఖనిలో సాకెట్ అంటే గోడకు ఉండేదే. అందులో ప్లగ్గు పెట్టి మిక్సీ తిప్పుకునేవాళ్ళం. కంప్యూటర్ ప్రోగ్రాముల్లోనూ సాకెట్లుంటాయని, ఒక మెషిన్ మరో మెషిన్‌తో మాట్లాడేది వాటి ద్వారానేనని మా కాలనీలో తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. (తెలుసని అనుకునేవాణ్ణి. తెలియడమూ, తెలుసనుకోవడమూ ఒకటి కావని తర్వాత తేలింది.) ఒక చిన్న సాయంకాలపు పత్రికలో సగం సబ్ ఎడిటర్‌ని, సగం కంప్యూటర్ మనిషిని. టైపు చేసిన వార్తల్ని ఫ్లాపీల్లో మోసే పని లేకుండా, నేరుగా మూలగదిలోని పెద్ద మెషిన్‌కు చేర్చే ప్రోగ్రాం నేనే రాశాను. పొద్దున బ్రహ్మాండంగా నడిచేది. మధ్యాహ్నం, పేజీలు కట్టే వేళకు, వార్తలు తీసుకోవడం మానేసేది. "తమ్మీ, నీ మెషిన్ మల్ల అలిగింది" అని టైపింగ్ అక్క పిలిచేది. నేను వెళ్ళి కేబుళ్ళు పీకి, మళ్ళీ పెట్టి, తెర వంక గంభీరంగా చూసేవాణ్ణి. పెద్దసారు, అంటే మా ఎడిటరు, ఓపిక పట్టి పట్టి చివరికి అన్నాడు: "శనివారం దాక చూస్త. అప్పటికీ గిట్లనే ఉంటే మనకు ఫ్లాపీలే నయం. నువ్వు వేరే కొలువు చూస్కో."

అది నా మొదటి ఉద్యోగం. మా అక్కావాళ్ళ క్వార్టర్‌లో ఉండేవాణ్ణి. ఆ రాత్రి అన్నం కెలుకుతూ కూర్చుంటే బావ అడిగాడు, ఏంది ఫికర్ అని. బావ బొగ్గుబాయిలో ఎలక్ట్రీషన్.

"సాకెట్ ప్రాబ్లం బావా. కనెక్షన్ తీసుకుంటలేదు."

"గింతేనా? ఇంట్ల నన్ను పెట్టుకొని సాకెట్ కోసం అన్నం మానేస్తవా?"

"అది గా సాకెట్ గాదు బావా."

"సాకెట్లల్ల ఇంకేం రకాలుంటయిరా? టూ పిన్ను, త్రీ పిన్ను."

శనివారం మధ్యాహ్నం మెషిన్ యథాప్రకారం మొండికేసింది. పెద్దసారు నా వైపు చూస్తుండగానే బావ టెస్టరు, స్క్రూడ్రైవరు పట్టుకుని వచ్చాడు, నైట్ షిఫ్టు దిగి నిద్ర కూడా పోకుండా. బాయిలో ఒక పద్ధతి ఉంది. ఏ స్విచ్చు విప్పాలన్నా ముందు కరెంటు తీయాలి, దాన్ని మరొకరు వేయకుండా చూసుకోవాలి. బావ నేరుగా బోర్డు దగ్గరికి వెళ్ళి ఫ్యూజు లాగి జేబులో వేసుకున్నాడు. ఆఫీసంతా చీకటి. (యూపీఎస్ అనే మాట ఆ గడప ఇంకా తొక్కలేదు.)

"అన్నా, నా వార్త పాయె" అంది టైపింగ్ అక్క.

"పానం పోలే గదా చెల్లె."

"జల్ది ఎయ్యవయ్యా, పేజీలు ఆగినయి" అన్నాడు పెద్దసారు.

"పని అయ్యేదాక ఫ్యూజు నా జేబులనే ఉంటది సార్. బాయిల గట్లనే చేస్తం."

పెద్ద మెషిన్ పక్కనున్న సాకెట్‌ను తీరిగ్గా విప్పి కొత్తది బిగించి, కరెంటు వేశాడు. మెషిన్లు లేచాయి. వార్తలు ధారగా వెళ్ళాయి. పెద్దసారు బావ భుజం తట్టాడు. టైపింగ్ అక్క టీ తెప్పించింది, నాకు తప్ప.

గోడకున్న సాకెట్ మారిస్తే ప్రోగ్రాం ఎలా బాగుపడింది? ఆలోచిస్తే ఒకటే తోచింది. బాగుచేసింది సాకెట్ కాదు, కరెంటు పోయి రావడం. అంటే పొద్దున మెషిన్ వేసినప్పటి నుంచి లోపల ఏదో పేరుకుపోతోంది, ఆపగానే ఖాళీ అవుతోంది. ఆదివారం కూర్చుని చూస్తే దొరికింది. ఒక్కో వార్తకు ఒక్కో కనెక్షన్, అంటే ఒక్కో సాకెట్, తెరుస్తున్నాను, వార్త చేరాక మూయడం లేదు. మధ్యాహ్నానికి పాతవే నిండిపోయి, పెద్ద మెషిన్‌లో కొత్తదానికి చోటు ఉండటం లేదు. మూసేందుకు ఒక్క లైను రాయాలి. రాశాను. సోమవారం మధ్యాహ్నం అలక లేకుండా గడిచింది.

ఉబ్బిపోతూ పెద్దసారుకు చెప్పాను, తెరిచిన సాకెట్లు మూయకపోవడమే అసలు కారణమని.

"మీ బావ మూసిండు గదా, నాలుగు స్క్రూలు బిగించి."

"అది కాదు సార్..."

"సరే గని, నువ్వు ఉండు తమ్మీ. నువ్వు పోతే మీ బావ రాడు."

అలా నా కొలువు నిలిచింది. ఈమధ్య బావ ఇంటికి వెళ్ళినప్పుడు ఎందుకో ఆ సంగతి మళ్ళీ మొదటి నుంచి వివరించాను. రిటైరైనవాడు కదా, తీరిగ్గా విన్నాడు. "అంటే నేను ఫ్యూజు తీస్తెనే నీకు తెల్సింది, గంతే గదరా?" అన్నాడు.

"అవును బావా" అన్నాను. ఆ పత్రికాఫీసు రోజుల్లో నాలోని కుర్రవాడు చస్తే ఒప్పుకునేవాడు కాదు. కాగితం మీద బొమ్మలు గీసి, అన్నం చల్లారిపోయేదాకా వాదించేవాడు.