కూజా బొమ్మ

డ్రాయింగు మాస్టారు రోజూ పొద్దున్నే పెన్సిలు కళ్లకద్దుకుని, కిటికీలో ఉన్న మట్టికూజా బొమ్మ ఒకటి గీసి, వెనక తేదీ వేసేవారు. ముప్ఫయ్యేళ్లుగా అదే కిటికీ, అదే కూజా. ఆయన గీసినంతసేపూ ఇల్లాలు వంటింట్లో గిన్నె చప్పుడైనా కానిచ్చేది కాదు. "రోజుకో పిసరు ముందుకెళ్తున్నారు, దేవుడు చూస్తూనే ఉన్నాడు" అనేది. ఆవిడ ముచ్చటపడిందని, ఒకరోజు మొట్టమొదటి బొమ్మనూ ఆ పొద్దున గీసినదాన్నీ పక్కపక్కన పెట్టి ఒకే ఫ్రేములో బిగించమని, ఫ్రేములు కట్టే బావమరిదిని పిలిపించారు.

అతను రెండింటినీ బల్లమీద పరిచి, ఆ పొద్దుటి బొమ్మను ఎడమవైపుకు జరిపాడు. "మొదటిది ఇదే కదా బావా? పాపం, అప్పటికింకా చెయ్యి తిరిగినట్టు లేదు. ఈ రెండోది చూడు, ముట్టుకుంటే చల్లగా తగిలేలా ఉంది!" అన్నాడు. ఆ రెండోది ముప్ఫయ్యేళ్ల కిందటిది. మాస్టారు కళ్లజోడు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని, చాలాసేపు చూశారు.

"తేడా తెలుస్తోందా తమ్ముడూ?" అని వంటింట్లోంచి ఆవిడ అడిగింది.

"బోలెడు తేడా అక్కా!"

మాస్టారు గొంతు తగ్గించారు. "నువ్వు పెట్టిన వరసలోనే బిగించెయ్యరా. వెనక తేదీలు కనబడకుండా అట్ట అంటించు. మీ అక్క ముప్ఫయ్యేళ్లు గిన్నె చప్పుడైనా చెయ్యలేదు."