నాలుగున్నర అడుగుల పార్కింగ్

అపార్ట్‌మెంట్ కట్టాలనుకున్నవాళ్ళు ప్లాన్లు ఇస్తే, అవి సిటీ రూల్స్‌కి సరిపోతున్నాయో లేదో చూసి చెప్పడం నా పని. డాలస్ పక్కన ఒక చిన్న సిటీ ఆఫీసులో. చేరి ఆరు నెలలు. ఆ శుక్రవారంతో నా ప్రొబేషన్ అయిపోతుంది. ఉంచడమో పంపేయడమో మా బాస్ ఇష్టం. గురువారం పొద్దున్నే ఆమె ఒక ఫైలు నా బల్ల మీద పెట్టి, ఇది పూర్తిగా నీదే, ఉత్తరం కూడా నీ పేరు మీదే వెళ్తుంది, అంది. నాలుగంతస్తుల అపార్ట్‌మెంట్! నా కాళ్ళు నేల మీద నిలిస్తే ఒట్టు.

పెద్ద ప్రింటర్ పాడైంది. అయితే ఏం, చిన్న కాగితాల మీద ప్రింట్ తీసుకుని కూర్చున్నాను. రాసిన అంకెని నమ్మకు, స్కేలు పెట్టి కొలువు అని బాస్ మొదటిరోజే నేర్పింది. ప్లాన్ మీద అంగుళానికి ఇన్ని అడుగులని ఒక లెక్క ఉంటుంది. కొలిచాను. వెనకున్న ఇళ్ళకీ బిల్డింగ్‌కీ మధ్య యాభై అడుగులు వదలాలి. అంకె యాభై అనే ఉంది. స్కేలు పెడితే ఇరవై అయిదు! అమ్మ దొంగల్లారా! ఫైర్ ఇంజన్ వెళ్ళే దారి ఇరవై నాలుగు అని రాశారు, వచ్చింది పన్నెండు. కారు పెట్టే చోటు వెడల్పు తొమ్మిది అని రాశారు, వచ్చింది నాలుగున్నర. ఒక్కో మోసం దొరికినకొద్దీ నాకు ఒకటే హుషారు. ఎత్తు మాత్రం నలభై అయిదు దాటకూడదు, నలభై అయిదనే రాశారు, స్కేలు పెడితే ఇరవై నాలుగే వచ్చింది. పోనీలే, ఒక్కటైనా బుద్ధిగా చేశారని పక్కన టిక్కు పెట్టాను. పదిహేడు తప్పులు రాసి ఆర్కిటెక్ట్‌కి పంపేసి, బాస్‌కి కాపీ పెట్టి, ఈల వేసుకుంటూ ఇంటికి డ్రైవ్ చేశాను.

మా ఆయన దోసెలు వేస్తున్నాడు. నా ఘనకార్యమంతా విన్నాడు.

“నాలుగున్నర అడుగులల్ల కార్ ఎట్ల పార్క్ చేస్తరే? పక్కకి పండబెడ్తరా ఏంది?”

“జోకులాపు. వాళ్ళు మామూలు మోసగాళ్ళు కారు,” అన్నాను. అన్నానే గానీ దోసె సగంలో వదిలేసి లేచాను.

టేపు పట్టుకుని కిందికి పరుగెత్తాను. మా కారుకి అటూ ఇటూ ఉన్న గీతల మధ్య కొలిచాను. తొమ్మిది అడుగులు. సరిగ్గా రెట్టింపు. ఓరి దేవుడా! చిన్న కాగితం మీద బొమ్మంతా సగానికి సగం తగ్గిపోయింది. నేనేమో పెద్ద కాగితం లెక్కలోనే కొలిచాను. వాళ్ళ అంకెలన్నీ నిజాలే. పార్కింగ్‌లో కూలబడి పగలబడి నవ్వాను, మధ్యలో ఏడుపూ వచ్చింది.

“జాబ్ పోయినట్టే,” అన్నాను మెట్ల దగ్గరికి వచ్చిన మా ఆయనతో.

“పోతే చూద్దాం తియ్యి. ముందు పైకి రా, దోసె సల్లారుతుంది.”

మెట్లెక్కుతూ ఒక్కొక్కటీ రెట్టింపు చేసుకుంటున్నాను. ఇరవై అయిదు యాభై, సరే. పన్నెండు ఇరవై నాలుగు, సరే. ఎత్తు ఇరవై నాలుగు... నలభై ఎనిమిది! మెట్టు మీదే ఎగిరి గంతేశాను. నేను టిక్కు పెట్టిన ఆ ఒక్కటే తప్పు!

మర్నాడు పదింటికి మీటింగ్. ఆర్కిటెక్ట్ నా ఉత్తరం చేత్తో పట్టుకుని నవ్వు ఆపుకుంటున్నాడు. బాస్ నవ్వడం లేదు. నేను లేచి నిలబడ్డాను.

“సారీ. ఈ పదిహేడూ మీ తప్పులు కావు, నావి. సగం సైజు కాగితం మీద కొలిచాను. మీది ఒక్కటే ఉంది. ఎత్తు.”

ఆయన పైకే నవ్వేశాడు. తర్వాత తన పెద్ద షీటు పరిచి, తన స్కేలుతోనే కొలిచాడు. మళ్ళీ కొలిచాడు. నవ్వు ఆగింది. ఒక్కో అంతస్తు సీలింగ్ తొమ్మిది అంగుళాలు పెంచారట. నాలుగు అంతస్తులకి మూడడుగులు పెరిగాయి, పాత అంకెని మార్చడం ఎవరికీ గుర్తు లేదు.

కొత్త ఉత్తరం అప్పటికప్పుడే రాశాను. అందులో రెండే వాక్యాలు. మొదటిది సారీ, రెండోది మూడడుగులు తగ్గించమని. బాస్ రెండుసార్లు చదివింది. ఆమె పెన్ను తీసి, కింద నా పేరు పక్కనున్న ప్రొబేషనరీ అన్న మాట కొట్టేసి, కాగితం నా చేతికిచ్చింది.

మళ్ళీ ప్రింట్ తియ్యి, ఈసారి ఫుల్ సైజులో, అంది.