అరవై సంచుల వంతు

ముందు చప్పుడు వచ్చేది. అల్యూమినియం అండా అంచు మీద ఇత్తడి గరిటె మూడుసార్లు. పొద్దున్న మిల్లు సంగు, అదే షిఫ్టు సైరను, ఊది ఆగిపోయాక ఆకాశంలో కాసేపు ఒక గుంట మిగిలిపోయినట్టుండేది. ఆ మూడు దెబ్బలు అందులో పడేవి. తర్వాత గొంతు వచ్చేది. "పాలూ" అని ఒక్కమాట. ఆ తర్వాతే మనిషి కనిపించేది.

ఆ మనిషి పాప్పాత్తి. కోయంబత్తూరులో మిల్లు గోడకు ఆనుకున్న తెలుగువాళ్ల వీధిలో పిల్లలకు పాలు పోసే మనిషి.

పాప్పాత్తి గొంతు మిల్లులో తయారైంది. పందొమ్మిదేళ్లు రీలింగు సెక్షన్‌లో నూలు చుట్టింది. అక్కడ వందలాది కదుర్లు ఒకేసారి తిరుగుతుంటే మనుషులు పెదాలు చూసి మాటలు తెలుసుకునేవాళ్లు, లేదా అరిచేవాళ్లు. ఆ రెండు విద్యలూ ఆమెకు ఇంటిదాకా వచ్చాయి. పక్కింటికి పోయి ఉప్పుందా అని అడిగితే అవతలి వీధివాళ్లు ఉందనో లేదనో జవాబు చెప్పేవాళ్లు. యాభైల చివర మిల్లుకు కొత్త మిషన్లు వచ్చాయి. ఇక రీలింగుకి ఆడవాళ్లు అక్కర్లేదన్నారు. ఆమె జుట్టులో పత్తి నుసి మాత్రం ఇంకో ఆరు నెలలు రాలుతూనే ఉంది, ఎక్కడో చిన్నగా మంచు కురుస్తున్న దేశం నుంచి ఆమె రోజూ నడిచి వస్తున్నట్టు.

అప్పుడే పాల సెంటరు వచ్చింది. సముద్రాల అవతలి దేశమేదో పాలపొడి ఇస్తుంది, మన ప్రభుత్వం గ్రాంటు ఇచ్చి ఓడలోంచి దింపి ఊరూరికీ పంపుతుంది. ఈ వీధికి వచ్చేది వార్డు కమిటీ సెక్రటరీ రత్నసభాపతి చేతి మీదుగా. ఆయనదీ తెలుగిల్లే. అవినాశి వైపు పత్తి చేలున్న కుటుంబం. కాపురం మాత్రం డబ్బున్నవాళ్లుండే ఆర్.ఎస్. పురంలో. పాప్పాత్తిని ఆయనే పెట్టాడు, టెంపరరీగా. పర్మనెంటు ఆర్డరు టైపు చేయించి తన మేజా సొరుగులో ఉంచాడు. సంతకం ఒక్కటే తక్కువ. రెండేళ్లుగా అది ఒక్కటే తక్కువ. పాప్పాత్తి మొగుడు మారిముత్తు పత్తి దులిపే గదిలో పనిచేసి ఊపిరి సగం అక్కడే వదిలేసి వచ్చాడు. మంచం మీద కూర్చుని దగ్గడమే ఇప్పుడాయన డ్యూటీ. కాబట్టి ఆ సంతకం వాళ్లింటికి ఏమిటో వేరే చెప్పక్కర్లేదు.

పాలపొడి గట్టి నూలు సంచుల్లో వచ్చేది. వాటి మీద రెండు చేతులు కలుపుకున్న బొమ్మ ఉండేది. సంచి ఖాళీ అయితే పాప్పాత్తి దాన్ని ఉతికి, ఎండబెట్టి, వంతు ప్రకారం ఒక ఇంటికి ఇచ్చేది. వీధిలో డెబ్బై ఒక్క ఇళ్లు. మొదటి ఇంటినుంచి వరసగా. తనది డెబ్బై ఒకటో వంతు, తనే అట్లా పెట్టుకుంది. ఆ గుడ్డతో దిండు గలీబులయ్యాయి, లంగాలయ్యాయి. వీధిలో సగంమంది చిన్నపిల్లల నిక్కర్ల వెనకభాగాన రెండు దేశాలు చేతులు కలుపుకుని తిరిగేవి. ఎవరికీ అది వింతగా అనిపించలేదు. మిల్లువాళ్లకు గుడ్డంటే గుడ్డే.

వంతు ఇరవై రెండో ఇల్లు, సెల్లాయి గడప దాకా వచ్చి ఆగినట్టయింది. సంచులు రావడం తగ్గింది. పాలు పలచబడ్డాయి. గ్లాసులో పోస్తే అడుగున చెక్కిన కంపెనీ పేరు చదువుకోవచ్చు, చదువు వస్తే.

ఇరవై మూడో వంతు నాగమ్మాళ్‌ది. ఆమె కూతురికి నెలలు నిండుతున్నాయి. దూలానికి వేలాడదీసే ఉయ్యాలకు ఆ సంచి గుడ్డే కావాలని పట్టుపట్టింది.

"ఏమక్కా, నా సంచి ఎప్పుడొస్తాది?"

"ఓడ రావాల కదమ్మా."

"ఓడ వచ్చేలోగా బిడ్డ వచ్చేస్తాది. వాడు స్కూలుకి పోయేటప్పుడు ఇస్తావా, పుస్తకాలు పెట్టుకునేకి?"

"ఇస్తాలే. వాడి పెండ్లికైనా ఇస్తా."

ఇట్లా రోజూ.

ఆ ఏడాది పైనుంచి ఒక కాగితం దిగింది. విదేశీ సాయం కింద, ప్రభుత్వ గ్రాంటు కింద ఏ సెంటరుకు ఏమి ఎంత వచ్చిందో, అందుకునేవాళ్లందరి ముందూ వాళ్ల భాషలోనే చదివి వినిపించాలి. చదివాక కాగితం తలుపుకు అంటించాలి. చూడటానికి ఢిల్లీ నుంచి ఒక ఆఫీసరు వస్తాడు. ఆయన బెంగాలీ. కాగితం ఇంగ్లీషులో ఉంది. వీధిలో ఇంగ్లీషు చదవగలిగింది రత్నసభాపతి ఒక్కడే, ఆయన కూడా వీధిలో ఉండడు. అందుకని ఆయన తెలుగులో చెప్పింది పాప్పాత్తి తన గొంతుతో అందరికీ వినిపించాలని ఏర్పాటు.

ముందురోజు పది గంటలకు ఆయన సెంటరుకు వచ్చి పాప్పాత్తిని సామాన్ల గదిలోకి పిలిచాడు. తలుపు దగ్గరగా వేశాడు.

"పాప్పాత్తీ, నువ్వు నోరు తెరవొద్దు. నేను చెప్పేది విని తల ఆడించు, చాలు."

ఆమె గొంతు సంగతి ఆయనకు తెలుసు. ఆయన కూడా గుసగుసగానే మొదలుపెట్టాడు. పాప్పాత్తి ఆయన పెదాలు చూస్తూ నిలబడింది.

"కాగితంలో అరవై సంచులని ఉండాది. రేపు చదివేటప్పుడు నువ్వు ఇరవై రెండని చెప్పాల. ఆ ఆఫీసరుకి మన బాస రాదు. ఆయన కాగితం చూసుకుంటాడు, మనవాళ్లు నీ మాట వింటారు. ఇద్దరికీ సరిపోతాది. మనలో మనం అనుకునేదానికే కదా మన బాస ఉండేది. అంగట్లో బేరం ఆడేటప్పుడు మీ ఆడోళ్లు తెలుగులోనే కదా మాట్లాడుకునేది, ఆ సెట్టికి తెలీకుండా. ఇదీ అంతే దా."

తలుపు వైపు ఒకసారి చూసి మళ్లీ అన్నాడు. "నీ ఆర్డరు సొరుగులోనే ఉండాది. ఎల్లుండి సంతకం పెట్టేస్తా."

పాప్పాత్తి తల ఆడించింది. ఆ ఊరివాళ్లు తల ఆడిస్తే అది పైకీ కిందకీ పోదు, చెరువు నీళ్లలో కలువ మొగ్గలాగా రెండు పక్కలకూ ఊగుతుంది. అందులో ఒప్పుకోలు ఎంతో, వినికిడి ఎంతో ఆడించినవాళ్లకే తెలియాలి. రత్నసభాపతి తనకు కావలసింది తీసుకుని వెళ్లిపోయాడు.

ఇంటికొచ్చి మొగుడికి చెప్పింది. మారిముత్తు దగ్గు ఆగేదాకా ఆగి అడిగాడు.

"ఏం చెప్తావు మరి?"

"ఇరవై రెండంటే అబద్ధం కూడా కాదు. ఇళ్లకు చేరింది అన్నే."

"నువ్వు చెప్తే నమ్ముతారు."

"ఆమా," అని ఒప్పుకుంది. "ఎవురూ తిరిగి అడగరు."

"అయితే బాధేముండాది?"

"అదే దా," అంది పాప్పాత్తి. బియ్యం ఏరడం మొదలుపెట్టింది. చేటలోంచి రాళ్లు తీస్తున్న ఆమె వేళ్లు అలవాటు కొద్దీ తెగిన పోగు కోసం వెతుకుతున్నట్టు కదిలాయి.

మరుసటి రోజు మొదటి షిఫ్టు వాళ్లు తప్ప అందరూ సెంటరు ముందుకు వచ్చారు. ఆఫీసరు కుర్చీలో కూర్చున్నాడు. మెత్తని మనిషి, మెడచుట్టూ తెల్ల రుమాలు. ఆయన మోకాళ్ల మీద కాగితం నకలు ఉంది. పక్కన రత్నసభాపతి. పాప్పాత్తి గట్టుమీద నిలబడింది. చేతిలో కాగితం పెట్టారు, చదువు రాకపోయినా చదివే మనిషి చేతిలో కాగితం ఉండాలని.

"అందరూ వినండి," అంది. మిల్లు గేటు దగ్గరి వాచ్‌మన్ కూడా ఇటు తిరిగాడు. "మన వీధికి ఆ దేశం ఇచ్చింది, మన గవర్మెంటు పంపించింది, పాలపొడి సంచులు అరవై."

రత్నసభాపతి గొంతు సవరించుకున్నాడు. పాప్పాత్తి ఆగలేదు. ప్రతిసారీ సంచి ఇచ్చేటప్పుడు పిలిచినట్టే వంతులు పిలవడం మొదలుపెట్టింది. ఒకటో వంతు ఇంటి ఇల్లాలి పేరు పిలిచింది. "వచ్చింది" అన్నారు. రెండోది. "వచ్చింది." ఇరవై రెండు, సెల్లాయి. "వచ్చిందక్కా. లంగా కుట్టినా. ఇదిగో, కట్టుకోనే ఉండాను." నవ్వులు.

"ఇరవై మూడు, నాగమ్మాళ్."

నవ్వు ఆగింది. నాగమ్మాళ్ లేచింది. "రాలే."

"ఇరవై నాలుగు."

"రాలే."

"ఇరవై ఐదు."

"రాలే."

ఆ తర్వాత పైకి నవ్వినవాళ్లు లేరు, కోపంగా అరిచినవాళ్లూ లేరు. ఒక్కొక్క పేరుకు ఒక్కొక్క గొంతు, ముసలిది, లేతది, పొగాకు నమిలేది, లేచి నిలబడి, ఆ ఒక్క మాట చెప్పి కూర్చుంది. పక్కన మిల్లు మోగుతూనే ఉంది. అరవయ్యో వంతు దాకా, ముప్పై ఎనిమిది సార్లు "రాలే".

ఆఫీసరు పెన్సిలు ఆపి సెక్రటరీని అడిగాడు, వీళ్లేమంటున్నారని.

"కృతజ్ఞతలు చెప్తున్నారు," అన్నాడు రత్నసభాపతి ఇంగ్లీషులో.

ప్రజల స్పందన చాలా ఉత్సాహంగా ఉందని ఆఫీసరు రాసుకున్నాడు. వెళ్లేటప్పుడు జీపు దగ్గర ఆగి, అందరికీ చేతులు జోడించి, నేర్చుకున్న మాటను శ్రద్ధగా పలికాడు. "రాలే."

"ఆమా సామీ, రాలే," అంది సెల్లాయి మర్యాదగా.

పాప్పాత్తి కాగితాన్ని తలుపుకు అంటించింది. చదవగలిగినవాళ్లు లేరు కానీ ఇప్పుడందులో ఏముందో అందరికీ తెలుసు.

ఆ వారమంతా ఎవరూ పోలీసుల దగ్గరికి పోలేదు, యూనియన్ ఆఫీసుకూ పోలేదు. మర్నాడు పొద్దున్న ముప్పై ఎనిమిది మంది ఆడవాళ్లు ఆర్.ఎస్. పురం నడిచిపోయి రత్నసభాపతి ఇంటిముందు వంతు ప్రకారం నిలబడ్డారు. ముందు నాగమ్మాళ్. ఆయన భార్య సౌందరం బయటికొచ్చి ముగ్గు తొక్కకుండా నిలబడిన వాళ్ల వరసను చూసింది.

"ఏంటమ్మా ఇంతమంది?"

"సంచి కోసం వచ్చినామమ్మా," అంది నాగమ్మాళ్. "పాలపొడి ఏం చేసుకున్నా సరి. మేము అడిగేకి రాలే. సంచి మాత్రం మా వంతు."

సౌందరం లోపలికి తిరిగి మొగుణ్ని చూసింది. "ఏమండీ, సంచులంట. ఎక్కడుండాయి?"

ఆయన చెప్పాడు. ఆమె చివరిదాకా విన్నది. సంచి ఇవ్వాలంటే ఖాళీ చెయ్యాలి, ఖాళీ చెయ్యాలంటే లోపల ఉన్నది ఎక్కడైనా పొయ్యాలి. అట్లా మూడు రోజుల్లో అవినాశి దారిలోని పత్తి గోడౌను నుంచి ముప్పై ఒక్క సంచులు నిండుగానే ఎడ్లబండి మీద వీధికి వచ్చాయి. మిగతా ఏడు అప్పటికే ఆయన బావమరిది హోటల్లో కాఫీ అయిపోయాయి. ఆ ఏడు సంచులు ఉతికి, మడతపెట్టి, ఇస్త్రీ చేసి పంపించారు. ఇస్త్రీ సౌందరం చేయించింది.

నాగమ్మాళ్‌కు ఆ ఏడింట్లో ఒకటి ఇచ్చారు, వెంటనే ఉయ్యాల కట్టుకోవడానికి. మనవడు అందులో పడుకుని కలిసిన చేతుల బొమ్మ కింద నుంచి, నేసిన దారాల సందుల్లోంచి వెలుగును చూసేవాడు.

పాలు చిక్కబడ్డాయి. ఆ చిక్కటి పాలను పోసింది మాత్రం పాప్పాత్తి కాదు. మొదటి తేదీన ఆమెను రావద్దన్నారు. టెంపరరీ వాళ్లకు కారణం చెప్పక్కర్లేదు. ఆ సొరుగులోని ఆర్డరు మీద ఇంకో పేరు టైపు చేయించి సంతకం పెట్టారు. వచ్చినామె మంచిదే, గరిటె చప్పుడు మాత్రం ఒక్కసారే చేసేది. పాప్పాత్తి చెత్తపత్తి ఏరే గోడౌనులో చేరి పదమూడేళ్లు చేసింది. మారిముత్తు పోయింది ఆమె అక్కడ చేరిన రెండో ఏడు. వంతు అరవై దగ్గర ఆగింది. తర్వాత ఆ దేశం పాలపొడి ఇవ్వడం మానేసింది. డెబ్బై ఒకటో ఇంటికి సంచి రానేలేదు.

ఇదంతా రాసుకుందామని చాలా ఏళ్లకు ఒకరు వెళ్లినప్పుడు ఆమె అరుగు మీద కాళ్లు చాపుకుని కూర్చుని ఉంది. చెవులు దాదాపు వినిపించడం లేదు. అడిగేవాళ్ల పెదాలు చూసి జవాబు చెప్తోంది. ఇరవై రెండని ఉంటే పర్మనెంటయి పెన్షను వచ్చేది కదా, ఎప్పుడైనా అనిపించలేదా అన్న ప్రశ్నను ఆ పెదాల మీద రెండుసార్లు చదివింది. తర్వాత వీధి చివరిదాకా వినిపించేట్టు చెప్పింది.

"అనిపించకుండా ఎట్లుంటాది సామీ, నెలనెలా అనిపిస్తాది. నువ్వు అది కూడా రాసుకో, నా పేరు ఎట్లైనా రాసుకో. అరవై అని మాత్రం సరిగ్గా రాయి."