కోడలి మేలుకొలుపు

మేస్త్రీ నోట్లో నువ్వు గింజ నానదని అందరూ ఎరిగిన సంగతే. చర్చి గంట గోపురం కట్టింది తానేనని ఆయన చెప్పని మనిషి లేడు. చెప్పిన మనిషికే మళ్ళీ చెప్పని వారమూ లేదు. ఆదివారం చర్చిలో దేవుడు చేసిన మేలు చెప్పుకునే సాక్ష్యాల వేళ ఆయన లేచి గొంతు సవరించుకుంటే చాలు, వెనక బెంచీ ఆడవాళ్ళు ఒకరినొకరు మోచేత్తో పొడుచుకునేవారు.

"ఎక్కుతున్నాడమ్మా గోపురం! ఈయన దిగేటప్పటికి నా పొయ్యి మీది కూర బొగ్గవుతుంది."

అయినా ఆయనవి ఉత్త గొప్పలు కావు. పునాది తవ్వితే నీళ్ళు ఊరిన నేలలో అంత ఎత్తు గోపురం లేపినవాడు ఆయనే. పెద్ద గాలివానకు చుట్టుపక్కల ఇళ్ళ రేకులు కాగితాల్లా ఎగిరిపోయినా, గోపురం మీది సున్నం కూడా రాలలేదు. పైనుంచి దారానికి గుండు కట్టి వదిలితే ఇప్పటికీ గోడకు వెంట్రుకవాసి తేడా రాదు. బడిలో ఐదో తరగతి దాటని మనిషి ఇంత చేశాడంటే కాస్త చెప్పుకుంటాడు మరి.

అలాంటి మేస్త్రీ తన గోపురాన్ని పక్కనపెట్టి ఇంకొకరి పనితనం చెప్పడం మొదలుపెట్టాడు. ఆ ఇంకొకరు ఆయన కోడలు.

ఆవిడ బట్టలు కుడుతుంది. రెండు గదులూ ఒక వసారా ఉన్న ఇల్లు. కిటికీ కింద కుట్టుమిషను, మిషను పక్కన బడిపిల్లల యూనిఫారాల కట్టలు, కట్టల వెనక గోడకు ఒక చిన్న కొయ్య సిలువ. భర్త బస్సు డ్రైవరు. పిల్లలు లేవకముందే వెళ్ళి, వాళ్ళు పడుకునే వేళకు వస్తాడు. పిల్లలు ముగ్గురు. పెద్దపిల్లను ఇంట్లో అందరూ హెడ్మాస్టరమ్మ అంటారు, అందరికీ ఆజ్ఞలు జారీచేస్తుంది కనుక. నడిమివాడి పేరు 'ఎందుకు'. అన్నం తినరా అంటే ఎందుకు, నిద్రపోరా అంటే ఎందుకు. మూడోది పిచ్చుక. ఇంకా నాలుగేళ్ళు నిండలేదు, ఎక్కడ వాలుతుందో ఎప్పుడు ఎగురుతుందో తెలియదు.

ఈ ముగ్గురినీ తెల్లవారి లేపడానికి ఆ తల్లికి ఒక పద్ధతి ఉంది. ఒక్కొక్కరికి ఒక్కొక్క పాట, ఆవిడ సొంతంగా కట్టింది. పొయ్యి దగ్గర పని చేసుకుంటూనే సగం తాను పాడుతుంది. మిగతా సగం పిల్లలు దుప్పట్లోంచి పాడాలి. పాడితే లేచినట్టు లెక్క. పిచ్చుకది అన్నిటికన్నా చిన్న పాట.

"చిట్టి పిచ్చుక ఎక్కడుంది?" అని తల్లి.

"దేవుడి చేతిలో ఉంది!" అని దుప్పటి.

ఆ పాటలకు ఇంకో పని కూడా ఉంది. ఒకసారి సంతలో బుడగలవాడు "రారా బాబూ" అన్నాడని 'ఎందుకు' వాడి వెంట చాలా దూరం పోయాడు. దొరికాక ఆవిడ ముగ్గురినీ వరసగా కూర్చోబెట్టి ఒక కట్టడి చేసింది. తప్పిపోతే పరుగెత్తకూడదు. ఉన్నచోటే కూర్చోవాలి. పేరు పెట్టి పిలిచినా, మిఠాయి ఇస్తామన్నా, ఎవరికీ పలకకూడదు. అమ్మ నోట మీ పాట వినబడితేనే పలకాలి.

"తాతయ్య పిలిచినా పలకకూడదా? ఎందుకు?" అన్నాడు 'ఎందుకు'.

"తాతయ్య గొంతు ఎవరైనా పెట్టగలరు. అమ్మ పాట ఎవరూ పాడలేరు."

తర్వాత కొన్నాళ్ళకు ఆ గొంతుకే ముప్పు వచ్చింది. చర్చిలో పాట ఎత్తుకునేది ఆవిడే. ఒక ఆదివారం పాట మధ్యలో గొంతు తెగిన దారంలా ఆగిపోయింది. ఆసుపత్రిలో లోపల చిన్న కండ పెరిగిందని కోసి తీశారు. డాక్టరమ్మ వేలు చూపించి మరీ చెప్పింది.

"మళ్ళీ నేను చూసేదాకా ఒక్క మాట మాట్లాడకూడదు. గుసగుసలూ వద్దు, అవి ఇంకా చెడ్డవి. పుండు మానకముందు అరిచావా, ఆ గొంతు మళ్ళీ రాదు. తర్వాత నన్ను అనుకుని లాభం లేదు."

మేస్త్రీ ఛాతీ ముందుకు పెట్టాడు. "ఇల్లు నాకు వదిలెయ్, అమ్మాయ్. నలభైమంది కూలీలను ఒక్క కేకతో నడిపినవాణ్ణి. ముగ్గురు పిల్లలు నాకొక లెక్కా?"

మర్నాడు తెల్లవారి ఆయన నిజంగానే ఒక కేక వేశాడు. పక్కింటివాళ్ళు లేచారు. ఇంట్లో పిల్లలు లేవలేదు. హెడ్మాస్టరమ్మ అటు తిరిగి పడుకుంది. 'ఎందుకు' ఒంటికన్ను తెరిచి తన పేరు తానే చెప్పి మళ్ళీ మూశాడు. పిచ్చుక మంచం కిందికి పోయింది. దాన్ని లాగడానికి మేస్త్రీ వంగితే నడుము పట్టేసింది. ఈలోగా పాలు పొంగి పొయ్యి ఆరిపోయింది. ఆయనకు తల ప్రాణం తోకకొచ్చింది.

అప్పుడు వంటగదిలోంచి చప్పుడు వినిపించింది. బోర్లించిన గిన్నె మీద గరిటె. టకటక టక్కటక, టక్కు టకటక. ఆగింది. మళ్ళీ అదే. మాట లేదు, రాగం లేదు, ఉత్త తాళం. కోడలు గుమ్మంలో నిలబడి, ఎడమచేత్తో గిన్నె పట్టుకుని, పిల్లల వైపు చూస్తూ కొడుతోంది.

మంచం కిందినుంచి పాట లేచింది. "దేవుడి చేతిలో ఉంది!"

మేస్త్రీ నడుము పట్టుకుని అలాగే నేలమీద కూర్చుండిపోయాడు.

ఆ రోజు మొదలు ఆయన కళ్ళకు చేతినిండా పని. ఎన్నాళ్ళుగానో అదే ఇంట్లో ఉంటున్నాడు, కానీ మాటల సందడిలో కోడలి పని ఆయనకు ఎన్నడూ కనబడలేదు. ఇప్పుడు నిశ్శబ్దంలో ఒక్కొక్కటీ కనబడుతోంది. ఆవిడ కుడికాలు మిషను తొక్కుతుంటే ఎడమకాలు కింద దొర్లే పిచ్చుకను గడప దాటకుండా ఆపుతుంది. చెయ్యి కాజా కుడుతుంటే చూపు 'ఎందుకు' రాసే లెక్క మీద ఉంటుంది. వాడు తప్పు వేసిన చోట సూది మొనతో తాకుతుంది. అన్నం ఉడికిందో లేదో వాసనతోనే కనిపెట్టి, మిషను ఆపకుండానే హెడ్మాస్టరమ్మకు గడ్డంతో సైగ చేస్తుంది. పొలంలో ఎద్దుల్ని నడిపినవాళ్ళున్నారు, పనిలో మనుషుల్ని నడిపినవాళ్ళున్నారు. కనుసన్నతో ఒక ఇంటిని నడపడం మేస్త్రీ అంతవరకు చూడలేదు.

సాయంత్రం ప్రార్థన మాత్రం తప్పలేదు. హెడ్మాస్టరమ్మ బైబిలు చదివేది. తల్లి తన వంతు రాగానే కళ్ళు మూసుకుని చేతులు జోడించేది. పెదవి కూడా కదలదు.

"అమ్మ ప్రార్థన దేవుడికెలా వినబడుతుంది?" అన్నాడొకరోజు 'ఎందుకు'.

"తాతయ్యలాగా కేకలేస్తేనే వినబడటానికి దేవుడికి చెవుడేమిట్రా?" అంది హెడ్మాస్టరమ్మ.

నవ్వడం కూడా డాక్టరమ్మ వద్దంది. కోడలు చీరకొంగు నోట్లో కుక్కుకుంది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆ రాత్రి అందరూ లేచి వెళ్ళాక కూడా ఆవిడ సిలువ ముందు చాలాసేపు కూర్చుని, అరచేతితో గొంతు తడుముకోవడం మేస్త్రీ వసారాలోంచి చూశాడు.

అలా రోజులు గడిచి, డాక్టరమ్మ దగ్గరకు వెళ్ళాల్సిన రోజు దగ్గరపడింది. కుట్టిన యూనిఫారాలు బట్టల గోదాముకు ఇచ్చిరావాలి. పెద్దపిల్లలిద్దరూ బడికి వెళ్ళారు. కోడలు కట్ట మోసింది. పిచ్చుక చెయ్యి పట్టుకునే పని మేస్త్రీకి అప్పగించింది.

గోదాము లోపల బట్టల మూటలు కప్పును తాకేంత ఎత్తు పేర్చి ఉన్నాయి. వరసకూ వరసకూ మధ్య మనిషి పట్టేంత సందు, అక్కడక్కడ ఇనప స్తంభాలు. వాకిట్లో లారీ ఇంజను ఆపకుండా నిలబడి ఉంది. హమాలీలు పైనుంచి మూటలు కిందికి తోస్తుంటే నేల అదురుతోంది. గుమాస్తా కుట్లు లాగి చూస్తున్నాడు. కోడలు పక్కన నిలబడి ఉంది. మేస్త్రీ హమాలీల పెద్దకు గోపురం కథ అందుకున్నాడు.

"ఈ మూటల ఎత్తు ఒక ఎత్తా? నేను కట్టింది చూశావా? ఇదిగో, పునాది ఇంత..."

ఇంత అని చూపించడానికి రెండు చేతులూ కావలసి వచ్చాయి.

కథలో గంట వేలాడదీసేసరికి పక్కన పిచ్చుక లేదు.

మేస్త్రీ "పిచ్చుకా!" అని ఒక్క కేక పెట్టాడు. గుమాస్తా అరిచాడు. హమాలీలు తలోవైపు అరిచారు. "పాపా! బయటికి రామ్మా! బిస్కట్లిస్తాం!" పలుకు లేదు. ఇంతలో వెనక వరసలో ఒక మూటల దొంతర ఒరిగి గోడకు ఆనుకుంది.

హమాలీల పెద్ద చెయ్యెత్తాడు. "ఎవడూ మూట కదపొద్దు! పిల్ల అడుగునుంటే ఒక్కటి లాగితే చాలు, అన్నీ మీద పడతాయి. ముందు ఎక్కడుందో తెలియాలి."

మేస్త్రీ మళ్ళీ అరవబోయి ఆగిపోయాడు. పిల్ల ఎందుకు పలకడంలేదో ఆయనకు తెలిసింది. అమ్మ చెప్పిన మాట అది నిలబెట్టుకుంటోంది. ఎంతమంది అరిస్తే అంత గట్టిగా నోరు మూసుకుని కూర్చుని ఉంటుంది. దాని పాట ఒక్క మనిషే పాడాలి.

ఆయన కోడలి వైపు చూశాడు. ఆవిడ నోరు తెరిచి ఉంది. మెడ నరాలు బిగుసుకున్నాయి. ఛాతీ గాలితో నిండింది. పిలవమ్మా అనడానికి ఆయనకు నోరు రాలేదు, వద్దమ్మా అనడానికీ రాలేదు. పుట్టి బుద్ధెరిగాక మేస్త్రీకి మాట దొరకని క్షణం అదే.

అప్పుడు ఆవిడ చూపు గుమాస్తా బల్ల మీద పడింది. గుడ్డలు కోసే పెద్ద కత్తెర ఉంది. ఆవిడ నోరు మూసుకుంది. కత్తెర అందుకుని అరచెయ్యి పైకెత్తింది. ఆ చెయ్యి చూసి అందరూ నోరు మూశారు. లారీ ఇంజను కూడా ఆగింది. చీమ చిటుక్కుమంటే వినబడేంత నిశ్శబ్దం.

మొదటి ఇనప స్తంభం మీద కొట్టింది. టకటక టక్కటక, టక్కు టకటక.

ఏమీ లేదు. అంత బట్ట మధ్య చప్పుడు ఎంతదూరం పోతుంది? రెండో స్తంభం దగ్గరకు నడిచింది. కొట్టింది, చెవి ఒగ్గింది. ఏమీ లేదు. తాళం మాత్రం తప్పనివ్వలేదు. మూడో స్తంభం ఒరిగిన దొంతర పక్కనే ఉంది. ఇనుముకు నుదురు ఆనించి కొట్టింది.

మూటల అడుగునుంచి, బావిలోంచి వచ్చినట్టు, సన్నగా వచ్చింది పాట.

"దేవుడి చేతిలో ఉంది!"

హమాలీలు పైనుంచి ఒక్కొక్క మూటా పసిబిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తి దించారు. దొంతరకూ గోడకూ మధ్య సందులో, ఒరిగిన మూట కింద, పిచ్చుక మోకాళ్ళు ముడుచుకుని కూర్చుని ఉంది. ఒరిగిన మూట గోడకు తట్టుకుని ఆగి, దాని నెత్తిన పందిరి వేసింది. ఒంటి మీద గీత కూడా లేదు. పైగా కోపంగా ఉంది.

"అందరూ ఊరికే అరుస్తున్నారు. నేను పలకలేదు. తాతయ్య కూడా అరిచాడు. అయినా పలకలేదు. మంచిపిల్లను కదూ అమ్మా?"

తల్లి బిడ్డను గుండెకు అదుముకుంది. చప్పుడు లేకుండా ఏడవడం ఎంత కష్టమో అక్కడున్న మగవాళ్ళందరూ చూశారు. హమాలీల పెద్ద తలగుడ్డ తీసి చేత్తో పట్టుకున్నాడు. "గోపురం సంగతి తర్వాత చెబుదువుగానీ, మేస్త్రీ. నీ ఇంట్లో ఇంత మనిషిని పెట్టుకుని రాళ్ళ కబుర్లు చెబుతావేమయ్యా?" అన్నాడు. మేస్త్రీ ఈసారి రెండు చేతులతో పిచ్చుక చెయ్యి పట్టుకున్నాడు.

ఆ ఆదివారం సాక్ష్యాలకు ఆయన లేచాడు. వెనక బెంచీలో మోచేతులు కదిలాయి.

"నేను గోపురం కట్టాను," అన్నాడు మేస్త్రీ. "రాయి చెప్పినట్టు వింటుంది, పెట్టినచోట ఉంటుంది. అది కట్టడం ఒక పనా? నా కోడలు పిల్లల్ని కడుతోంది. పెట్టినచోట క్షణం ఉండరు వాళ్ళు. అలాంటి పిచ్చుక, నెత్తిన మూట ఒరిగినా తల్లి మాట మీంచి ఒరగలేదు. గుండు కట్టి చూసుకోండి, వెంట్రుకవాసి తేడా రాదు." ఇంకేదో చెప్పబోయి, కళ్ళు తుడుచుకుని కూర్చున్నాడు.

ఆ వారంలోనే డాక్టరమ్మ గొంతు చూసి, "పుండు మానింది. రేపటినుంచి కొంచెం కొంచెంగా మాట్లాడు. ఎలాంటి గొంతు వస్తుందో మాత్రం నేను చెప్పలేను," అంది.

మర్నాడు తెల్లవారకముందే మేస్త్రీ మేలుకుని, కళ్ళు మూసుకుని పడుకున్నాడు. కొడుకు కూడా ఆ రోజు సెలవు పెట్టి గోడకు ఆనుకుని కూర్చున్నాడు. వంటగదిలో పొయ్యి వెలిగిన చప్పుడైంది.

తర్వాత వచ్చింది గొంతు. పాత తీయదనం లేదు. కిందికి దిగింది, కొత్త గుడ్డలా గరుకుగా ఉంది. అయినా పాట పాటే. హెడ్మాస్టరమ్మ తన సగం పాడింది, పాడుతూనే ఏడ్చింది. 'ఎందుకు' పాడాడు. ఇక పిచ్చుక పాట.

"చిట్టి పిచ్చుక ఎక్కడుంది?"

దుప్పటి కదల్లేదు. మళ్ళీ పాడింది. దుప్పటి ఇంకా బిగుసుకుంది. మేస్త్రీ కళ్ళు తెరిచాడు. గుమ్మంలో కోడలి ముఖం పాలిపోయి ఉంది. కట్టడి కట్టడే కదా. పిల్లకు ఆ గొంతు ఎవరిదో తెలియదు.

కోడలు వెనక్కి వెళ్ళింది. గిన్నె బోర్లించి గరిటె తీసుకుంది. తాళం వేస్తూ, తాళం మీదే ఆ గరుకు గొంతు పెట్టి పాడింది.

దుప్పటి మూల లేచింది. ఒక కన్ను బయటికొచ్చి గరిటెను చూసింది, అమ్మ నోటిని చూసింది, మళ్ళీ గరిటెను చూసింది. రెండూ ఒకరివేనని తేలాక, ఇల్లు దద్దరిల్లేలా పాడింది.

"దేవుడి చేతిలో ఉంది!"

'ఎందుకు' తాతయ్య మంచం దగ్గరకొచ్చి ముఖంలోకి తొంగి చూశాడు. "తాతయ్యా, నువ్వేమీ మాట్లాడటం లేదు. ఎందుకు?"

"ఉండరా," అన్నాడు మేస్త్రీ. "విననీ."