తాతయ్యకు తెలిసిన ఛార్జిషీటు

హిందీ మాట్లాడే మా రైల్వే ఊళ్లో, గోల్ బజార్‌లో బండి నిలిపే చోట గొడవపడి ఒకరిని నెట్టినందుకు మా అన్నయ్య మీద కేసు ఉంది. అందులో పోలీసులు ఛార్జిషీటు దాఖలు చేశారని ఈ రోజు తెలిసింది. రైల్వే పరీక్ష పాసై పిలుపు కోసం ఎదురుచూస్తున్న అన్నయ్య ముఖం పాలిపోయింది. రైల్వే గార్డుగా రిటైరైన మా తాతయ్య మాత్రం నిశ్చింతగా టీ తాగుతున్నారు.

"ఏటిరా, ఛార్జిషీటుకే ఇంత బెంగా? నా సర్వీసులో బోల్డు సూసాను. తప్పయిపోయింది, ఒగ్గేయండని రాసిచ్చెయ్. ఒక ఇంక్రిమెంటు ఆపుతారు, అంతే."

ఉద్యోగమే రాని మనిషికి ఇంక్రిమెంటు ఎలా ఆపుతారని అడిగాను.

"అచ్ఛా, అయితే మరీ మంచిది."

శాఖాపరమైన విచారణ వేరని, నేరవిచారణ వేరని, రెండోదానిలో రుజువు చేయవలసిన భారం ఆరోపించినవారిదేనని, మన క్షమాపణ పత్రం ఆ భారాన్ని తేలిక చేస్తుందని కాలేజీ డిబేట్ వేదిక మీద చెప్పినట్టే వివరించాను. తాతయ్య నిద్రపోయారు. అన్నయ్య తెల్లకాగితం తీశాడు.

దాన్ని లాక్కుని, అన్నయ్యను కోర్టు దగ్గర ఒక క్రిమినల్ లాయరు వద్దకు తీసుకువెళ్లాను. ఇది బెయిలు దొరికే చిన్న నేరమేనని, అవతలివారు ఒప్పుకుంటే రాజీ కూడా కుదురుతుందని ఆయన చెప్పాడు. అన్నయ్య ఊపిరి పీల్చుకున్నాడు. నేను క్షమాపణ పత్రం సంగతి చెప్పి, ఆత్మరక్షణ వాదం మొదలుపెట్టాను. ఆయన కాసేపు విని చేయెత్తాడు.

"భయ్యా, ఆప్ కుఛ్ మత్ లిఖ్నా. ఔర్ మేడమ్, ఆప్ కుఛ్ మత్ బోల్నా." అన్నయ్య ఏమీ రాయకూడదట, నేను ఏమీ మాట్లాడకూడదట.

ఇంటికి వచ్చి చెప్పగానే తాతయ్య, "వకీలు తెలివైనోడే, పెట్టేసుకోండి" అన్నారు.

కామెంట్లలో వాదించదలచినవారికి స్వాగతం. లాయరు సలహా మేరకు నేను జవాబివ్వను.